ఎల్ఈడీ డిమ్ చేస్తే చారలు, హెల్మెట్‌లో ఆవిరి: చవక స్పేస్ హారర్ సెట్‌కి సలహా కావాలి

అంతరిక్ష నౌకలో జరిగే హారర్ షార్ట్ ఫిల్మ్‌కి 16 అడుగుల కారిడార్ ఒక్కటే వేస్తున్నాం. 1981 నాటి 'గెలాక్సీ ఆఫ్ టెర్రర్' సినిమాలో జేమ్స్ కామెరూన్ బృందం గోడలకి హాంబర్గర్ ఫోమ్ డబ్బాలు అతికించింది కదా, మాకు గుడ్ల అట్టలు, టీవీ ప్యాకింగ్ థర్మకోల్ ఆ పని చేస్తున్నాయి. స్ప్రే పెయింట్ నేరుగా కొడితే థర్మకోల్ కరిగిపోతుంది కాబట్టి ముందు ఎమల్షన్ రెండు కోట్లు, ఆపైన వెండి రంగు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

చిక్కంతా లైట్లతోనే. గ్రిల్ వెనక 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌లు, అల్యూమినియం ఛానల్‌లో. కెమెరాలో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను పెడితే ఫుల్ వెలుతురులో బాగుంది; డిమ్మర్ తగ్గించగానే ఫ్రేములో అడ్డచారలు పాకుతున్నాయి. చవక డిమ్మర్ వెలుతురుని నిజంగా తగ్గించదు, గబగబా ఆర్పి వెలిగిస్తుంది, అందుకే ఇది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ డిమ్మర్, అంటే ఇంకా వేగంగా ఆర్పి వెలిగించేది, కొనాలా? ఎంత ఉంటే చాలు? లేక స్ట్రిప్ ఫుల్‌లోనే ఉంచి న్యూట్రల్ డెన్సిటీ జెల్ (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే షీటు) వేస్తే సరిపోతుందా? ట్రేసింగ్ పేపర్ మాత్రం చెప్పకండి, వెలుతురు అంతటా పరుచుకుని నీడలు పోతున్నాయి. హారర్‌లో నీడల్లేకపోతే మిగిలేది గుడ్ల అట్టలే.

రెండోది హెల్మెట్. ముఖం ముందుండే అక్రిలిక్ వైజర్ లోపల డిష్‌వాష్ లిక్విడ్ పల్చగా రాసి తుడిచినా, నటుడు రొప్పే షాట్‌లో ఆవిరి పట్టేస్తోంది. వెనక 5 వోల్టుల ఫ్యాన్ పెడితే మైక్‌లో గుయ్‌మంటోంది. ఫ్యాన్ గాలి లోపలికి ఊదాలా, బయటికి లాగాలా? డబ్బింగ్‌ తప్ప దారి లేదా?