ఎల్పీలు ఎక్కిస్తుంటే గుంయ్‌మని రొద, సాయం చేయండి

పటమట కుర్రాడు: తాతయ్య ఎల్పీలు, అంటే పాత గ్రామఫోన్ రికార్డులు, కంప్యూటర్లోకి ఎక్కించి సీడీలు చేద్దామని పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నా. మూడైంది, ఇంకా అన్నం తినలేదు. పాట వెనకాల గుంయ్‌మని ఒకటే రొద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డట్టు. బీసెంట్ రోడ్డుకెళ్లి కొత్త కేబుల్ కూడా తెచ్చాను. లాభం లేదు. పుణ్యం ఉంటుంది, ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు: ముందు ప్లేట్లు కడిగారా? మనవాళ్లు పాత బనీనుతో తుడిచేస్తారు, దుమ్మంతా గాడిలోకి దిగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి గుడ్డతో, గాడి వెంబడే తుడవాలి. లక్క రికార్డులకు, అంటే 78లకు, స్పిరిట్ తగలనివ్వకండి. లక్క కరిగిపోతుంది.

గవర్నర్‌పేట: ఎర్త్ వైరు?

పటమట కుర్రాడు: ఏ ఎర్త్ వైరండీ?

సత్యనారాయణపురం: మాస్టారూ, ప్లేట్లేమిటండీ, టిఫిన్ ప్లేట్లా? రికార్డులనండి.

బ్రాడీపేట మాస్టారు: మా చిన్నప్పుడు మైకుసెట్టు అబ్బాయి ప్లేటే మార్చేవాడు, రికార్డు కాదు. ప్లేటు ఫిరాయించడం అన్న మాట ఎక్కణ్ణించి వచ్చిందనుకుంటున్నారు?

సత్యనారాయణపురం: అది మీ ఊహ.

గవర్నర్‌పేట: సూది ఎత్తేసినా రొద ఉందా? వైరు దేనికి గుచ్చారు?

పటమట కుర్రాడు: ఎత్తినా ఉందండీ. టర్న్‌టేబుల్ నుంచి నేరుగా లాప్‌టాప్ మైకు సాకెట్‌కి. చెప్పాననుకున్నా.

గవర్నర్‌పేట: చెప్పలేదు. సూది ఎత్తినా ఉందంటే అది రికార్డుది కాదు, కరెంటుది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుంయ్ అదే. సూది దగ్గర పుట్టేది నాలుగైదు మిల్లీవోల్టులు. పైగా రికార్డు చెక్కేటప్పుడే బేస్, అంటే లోతు శబ్దం, తగ్గిస్తారు. ఈ రెంటినీ పెంచడానికి మధ్యలో ఫోనో ప్రీయాంప్ అనే చిన్న పెట్టె ఉండాలి. అక్కణ్ణించి లాప్‌టాప్ లైన్ ఇన్ సాకెట్‌కి. లాప్‌టాప్‌కి అది లేకపోతే లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. టర్న్‌టేబుల్ వెనక ఒక సన్న వైరు వేలాడుతుంటుంది, కొసన చీలిన రేకు. అది ప్రీయాంప్ స్క్రూకి బిగించండి. ఇప్పటికైతే చార్జర్ పీకి చూడండి.

పటమట కుర్రాడు: ఆ వైరా! ఎక్కడా పట్టట్లేదని చుట్టచుట్టి టేపేసేశాను.

బ్రాడీపేట మాస్టారు: 78లైతే సూది కూడా వేరే పెట్టాలి. వాటి గాడి వెడల్పు.

సత్యనారాయణపురం: ఎల్పీలని మొదట్లోనే రాశాడు కదండీ.

పటమట కుర్రాడు: చార్జర్ పీకితే సగం తగ్గింది. ప్రీయాంప్ రేపు చూస్తా. థ్యాంక్సండీ, ఆకలేస్తోంది.

కృష్ణలంక: ఎక్కించడం అయ్యాక ఎల్పీలు అమ్మేస్తారా?