ఊరి రోడ్డుకీ, అడవి దారికీ ఒకే జీపీఎస్: కొనాలా, ఫోనుతో సరిపెట్టుకోవాలా?

మట్టిదారి_450:
అందరికీ నమస్కారం. నా దగ్గర హిమాలయన్ 450 బైక్ ఉంది, ఇంట్లో పాత బొలెరో ఉంది. వారమంతా హైదరాబాద్ ట్రాఫిక్, సెలవు దొరికితే వికారాబాద్ అడవుల వైపో మారేడుమిల్లి వైపో పోతుంటాను. వచ్చే జులైలో లడాఖ్ అనుకుంటున్నాం. మారేడుమిల్లి దాటి చింతూరు దిగే ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, ఫోన్‌లో మ్యాప్ బూడిద రంగు గళ్లు చూపిస్తూ కూర్చుంటుంది. ఒక ఫ్రెండ్ విడిగా గార్మిన్ కంపెనీ జీపీఎస్ పరికరం కొనమంటాడు, ఇంకొకడు ఈ కాలంలో అది కొనడం డబ్బు దండగ అంటాడు. బండికీ కారుకీ, రోడ్డుకీ మట్టి దారికీ అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటే ఉంటుందా? వాడినవాళ్లు చెప్పండి. యూట్యూబ్ లింకులు వద్దు ప్లీజ్, అవన్నీ చూసేశాను.

ఫోన్‌చాలు:
బ్రో, ముందు ఒక సంగతి క్లియర్ చేసుకో. ఘాట్‌లో పోయింది జీపీఎస్ కాదు, మ్యాప్. జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, పైన నాలుగు ఉపగ్రహాలు కనబడితే చాలు నువ్వెక్కడున్నావో ఎంత ఎత్తులో ఉన్నావో ఫోన్ చెబుతుంది. డేటా ఉంటే మొదటిసారి పట్టుకోవడం త్వరగా అవుతుంది, అంతే తేడా. మ్యాప్‌ని ముందే ఇంట్లో వైఫైలో దించుకోలేదు కాబట్టి నీకు గళ్లు కనబడ్డాయి. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ పెట్టుకో, ఫ్రీ, రాష్ట్రాలవారీగా దించుకోవచ్చు. ఓఎస్‌ఎమ్‌ఆండ్ అనే యాప్ కూడా బావుంటుంది.

ఇక సిటీ సంగతి. విడి పరికరానికి గచ్చిబౌలిలో ఇప్పుడు జామ్ ఉందో లేదో తెలుస్తుందా? నిన్న ఓపెన్ చేసిన ఫ్లైఓవర్ తెలుస్తుందా? "ఫలానా టిఫిన్ సెంటర్" అని తెలుగులో చెబితే వెతుకుతుందా? మంచి ఫోన్ కొనేంత డబ్బు పోసి, ఫోన్ చేసే పనిలో సగం కూడా చేయని డబ్బా ఎందుకు? పైగా నీ 450 మీటర్‌లోనే ఫోన్ నుంచి గూగుల్ మ్యాప్స్ వస్తుంది కదా.

పాత_ఇట్రెక్స్:
ఫోన్‌చాలు గారూ, సిటీ వరకు మీరు చెప్పింది ఒప్పుకుంటాను, దాని మీద వాదన లేదు. కానీ ఆయన అడిగింది మట్టి దారి గురించి కూడా.

హ్యాండిల్ మీద ఫోన్ పెట్టి గులకరాళ్ల దారిలో రోజంతా నడిపితే ఏమవుతుందో చెబుతాను వినండి. మధ్యాహ్నం ఎండకి స్క్రీన్ ముందు మసకబారుతుంది, తర్వాత "వేడెక్కింది, చల్లారనివ్వండి" అని మెసేజ్ పెట్టి పడుకుంటుంది. వాన పడితే చుక్క చుక్కకీ టచ్ తనంతట తనే పనిచేసి మ్యాప్ ఎటో జరిగిపోతుంది. చార్జింగ్ పోర్ట్‌లో తడి చేరితే చార్జ్ ఎక్కనని మొండికేస్తుంది. గ్లవ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కెమెరా సంగతి కూడా చూడండి, శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల వైబ్రేషన్‌కి ఐఫోన్ కెమెరాలో ఫోటో కదలకుండా పట్టే భాగం దెబ్బతినవచ్చని యాపిల్ వాళ్లే 2021లో హెచ్చరిక పెట్టారు.

నా దగ్గర ఉన్నది గార్మిన్ వాళ్ల చేతి పరికరం, ఇట్రెక్స్ 22ఎక్స్. బుల్లి స్క్రీన్, బటన్లు, చూడ్డానికి పాత నోకియా ఫోన్‌లా ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే పాతిక గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది, బ్యాక్‌లైట్ అవసరం లేకపోతే దాదాపు అలాగే వస్తుంది కూడా. ఎండ ఎంత ఎక్కువుంటే స్క్రీన్ అంత బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అది బయటి వెలుగునే వాడుకుంటుంది. సెల్స్ అయిపోతే పాడేరు సంతలో కూడా దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, మ్యాప్ చూసీ చూసీ ఫోన్ చచ్చిపోతే ఆపదలో కాల్ చేసుకోవడానికి కూడా ఏమీ మిగలదు. రెండూ వేరుగా ఉండాలి అనేది నా పాయింట్.

ఫోన్‌చాలు:
రెండూ వేరుగా ఉండాలంటే రెండో ఫోన్ పెట్టుకుంటే సరి. ఇంట్లో డ్రాయర్‌లో పడున్న పాత ఆండ్రాయిడ్, సిమ్ లేకుండా, ఓఎస్‌ఎమ్‌ఆండ్ వేసి బండికి బిగించండి. కెమెరా పోతే పోనీ. ఖర్చు సున్నా. మీ నోకియాలో బటన్లు నొక్కి ఊరి పేరు టైప్ చేసేలోపు నేను ఊరు చేరతాను 😄

పాత_ఇట్రెక్స్:
చేరండి, చేరాక వాన వస్తే ఫోన్ చేయండి.

సర్వే_మాస్టారు:
ఇద్దరూ డబ్బా గురించి కొట్టుకుంటున్నారు, లోపల ఉన్న మ్యాప్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌ఆండ్, గార్మిన్‌లో చాలామంది వేసుకునే ఉచిత మ్యాప్, మూడింటికీ మూలం ఒక్కటే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఎవరో ఒక ఔత్సాహికుడు ఉపగ్రహ చిత్రం చూసి గీసిన గీత అది. ఏజెన్సీలో ఎన్నో దారులు అలా గీసినవే. పైనుంచి చూసి గీసినవాడికి అది జీప్ దారో, పశువులు నడిచే దారో, వాన పడితే వాగో ఎలా తెలుస్తుంది? లక్ష రూపాయల పరికరం కొన్నా అదే గీత, పాత ఫోన్‌లోనూ అదే గీత.

గూగుల్ గురించి కూడా అంతే. 2024 నవంబర్‌లో యూపీలో బరేలీ, బదాయూఁ మధ్య సగం కూలిన వంతెన మీద నుంచి కారు రాంగంగ నదిలో పడి ముగ్గురు పోయారు. వాళ్లు మ్యాప్ చూసుకుంటూ వెళ్లారని వార్తల్లో వచ్చింది. వంతెన దగ్గర అడ్డుగా ఏమీ పెట్టకపోవడం అక్కడి అధికారుల తప్పు, దాన్ని పక్కన పెడదాం. పరికరం మారిస్తే ఆ కారు ఆగేదా?

ఇక అసలు తెలుసుకోవాల్సింది ట్రాక్‌కీ రూట్‌కీ తేడా. ఇది తెలియకే సగం మంది పరికరాన్ని తిట్టుకుంటారు. దారుల్ని దాచి ఒకరికొకరు పంపుకునే జీపీఎక్స్ ఫైల్‌లో రెండూ ఉండొచ్చు. ట్రాక్ అంటే ఎవరో నిజంగా వెళ్లినప్పుడు పడిన చుక్కల వరుస, అది మారదు. రూట్ అంటే ఓ పది చోట్ల గుర్తులు మాత్రమే, వాటి మధ్య దారి మీ పరికరం తన మ్యాప్‌ని బట్టి తానే లెక్కేసుకుంటుంది. మీ స్నేహితుడు లాప్‌టాప్‌లో చక్కగా గీసి పంపిన రూట్‌ని మీరు కార్ మోడ్‌లో తెరిస్తే, ఆ డబ్బాకి తారు రోడ్డంటే ప్రాణం కాబట్టి మట్టి దారిని వదిలేసి నలభై కిలోమీటర్లు చుట్టూ తిప్పి హైవే ఎక్కిస్తుంది. మట్టి దారికి ట్రాక్ అడగండి. సెట్టింగ్స్‌లో దారి తప్పితే తనంతట తాను మళ్లీ లెక్కేయడం ఆపేయండి. గీత మీద బండి బొమ్మ ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు. ఓఎస్‌ఎమ్‌ఆండ్ ట్రాక్ వెంబడి మలుపులు కూడా చెబుతుంది. ఆర్గానిక్ మ్యాప్స్‌లో అయితే గీతని కళ్లతో చూసుకుంటూ పోవాలి.

కారులో అయస్కాంతం ఉన్న హోల్డర్ వాడేవాళ్లకి ఒక మాట. ఆగి ఉన్నప్పుడు మ్యాప్ గిర్రున తిరుగుతోందంటే అది ఉపగ్రహాల తప్పు కాదు, ఆ అయస్కాంతం ఫోన్ దిక్సూచిని తికమక పెడుతోంది. కదిలాక సర్దుకుంటుంది.

డెన్వర్‌లో_గోంగూర:
నేను కొలరాడోలో జీప్‌తో తిరుగుతుంటాను. ఇక్కడ ఈ గోలంతా ఉండదండీ. ఏ మట్టి దారి బండ్లకి తెరిచి ఉందో, ఏ నెలల్లో తెరుస్తారో ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు ఉచితంగా మ్యాపులు ఇస్తారు, ఆన్‌ఎక్స్ ఆఫ్‌రోడ్ లాంటి యాప్‌లో అన్నీ రంగుల్లో కనిపిస్తాయి. నా సలహా, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ ఉన్న మోడల్ తీసుకోండి, గార్మిన్ మోంటానా 700ఐ లాంటిది. ఐదు అంగుళాల టచ్ స్క్రీన్, గ్లవ్స్‌తో పనిచేస్తుంది, రోడ్డుకీ ట్రైల్‌కీ రెండిటికీ దారి చెబుతుంది, కాలు విరిగితే బటన్ నొక్కితే చాలు. ఫోన్, డబ్బా అన్న వాదనకి ఇక్కడ మాకు తేలిన జవాబు ఇదే. వచ్చేటప్పుడు ఎవరైనా తెస్తారేమో కనుక్కోండి, నేనే డిసెంబర్‌లో వస్తున్నా.

ఘాట్‌రోడ్డు:
@డెన్వర్‌లో_గోంగూర అన్నా, దయచేసి తేవద్దు! ఇన్‌రీచ్ నడిచేది ఇరిడియం అనే సమాచార ఉపగ్రహాల మీద. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటి పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. 2024 డిసెంబర్‌లో గోవా ఎయిర్‌పోర్ట్‌లో ఒక కెనడా మహిళని ఇన్‌రీచ్ ఉందని ఆపి, కోర్టు దాకా తిప్పారు. తెలియదంటే వినరు. మోడల్ పేరు చివర "ఐ" ఉందంటే అనుమానించండి. ఐ లేని మామూలు మోంటానా 700 అయితే ఉపగ్రహాల మాట వినడమే తప్ప తిరిగి పంపదు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఐఫోన్‌లో వచ్చే ఉపగ్రహ ఎస్ఓఎస్ కూడా ఇండియాలో పనిచేయదు, దాన్ని నమ్ముకుని లోపలికి పోవద్దు.

ఇంకో విషయం, ఇది కొంతమందికి నచ్చకపోవచ్చు. "ట్రైల్" అంటూ నెట్‌లో తిరిగే ట్రాకుల్లో కొన్ని నేరుగా రిజర్వ్ ఫారెస్ట్ లోపలి దారులు. మారేడుమిల్లి పక్కనే పాపికొండల నేషనల్ పార్క్, ఇటు అమ్రాబాద్, అటు శ్రీశైలం టైగర్ రిజర్వులు. శ్రీశైలం హైవేనే మన్ననూరు గేటు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆ సంగతి చాలాసార్లు మ్యాప్ చెప్పదు, చక్కగా దారి చూపిస్తూనే ఉంటుంది. ఎవడో గీత పెట్టాడని లోపలికి బండి తోలితే వన్యప్రాణి చట్టం కింద కేసు, బండి సీజ్. ఏ డబ్బా కొన్నా ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ని అడగకుండా లోపలికి పోకండి.

డెన్వర్‌లో_గోంగూర:
బాబోయ్, థ్యాంక్స్. నా బ్యాగులోంచి తీసేస్తున్నా. మరి ఆపద వస్తే అక్కడ మీరేం చేస్తారు?

ఘాట్‌రోడ్డు:
ఒంటరిగా పోము, అంతే. ఎటు పోతున్నామో, ఎప్పటికి బయటపడతామో చివరి ఊళ్లో టీ కొట్టు ఆయనకి చెప్పి పోతాం. ఆయన మరిచిపోడు, టీ డబ్బులు బాకీ పెట్టి పోతే అసలు మరిచిపోడు.

మట్టిదారి_450:
చాలా విషయాలు తెలిశాయి. అయితే లడాఖ్‌కి ఏం చేయమంటారు? అక్కడ కూడా ఫోనేనా? ఇంకోటి, మా వాడు ఒక క్యాంప్ చోటు నంబర్లతో పంపాడు, నేను కొడితే ఎక్కడో పక్క జిల్లాలో కొండ మీద చూపిస్తోంది.

సర్వే_మాస్టారు:
నంబర్ల సంగతి ముందు చెబుతాను. 17.50 అని పంపాడనుకోండి, అది దశాంశం. అంటే 17 డిగ్రీల 30 నిమిషాలు. మీ పరికరం డిగ్రీలు, నిమిషాల పద్ధతిలో ఉంటే దాన్ని 17 డిగ్రీల 50 నిమిషాలని కొడతారు. ఒక నిమిషం అంటే సుమారు 1.85 కిలోమీటర్లు, ఇరవై నిమిషాల తేడా అంటే 37 కిలోమీటర్లు ఉత్తరానికి పోయినట్టే. ఫోన్లు ఎక్కువగా దశాంశంలో చూపిస్తాయి, గార్మిన్ చేతి పరికరాలు మామూలుగా డిగ్రీలు, నిమిషాల్లో వస్తాయి. సెట్టింగ్స్‌లో రెండూ ఒకే పద్ధతిలోకి మార్చుకోండి.

ఫోన్‌చాలు:
లడాఖ్‌కి కూడా ఫోనే బ్రో. మనాలి, లేహ్ దారిలో తప్పిపోవడానికి దారులెక్కడున్నాయి, పట్టుకుపోవాల్సిన మెయిన్ రోడ్డు ఒక్కటే. కాకపోతే నీది ప్రీపెయిడ్ సిమ్ అయితే లడాఖ్‌లో పనిచేయదు, బయటి రాష్ట్రాల పోస్ట్‌పెయిడ్ మాత్రమే పనిచేస్తుంది. ఇప్పుడే మార్పించుకో. గూగుల్ ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా దించుకో కానీ అది కారు దారులే చెబుతుంది, నడక దారులు ఆఫ్‌లైన్‌లో రావు.

పాత_ఇట్రెక్స్:
మనాలి రోడ్డుకి ఫోన్ చాలు, నిజమే. మెయిన్ రోడ్డు వదిలి త్సో మోరిరి సరస్సు వైపు పక్క దారులు పట్టాలంటే మాత్రం నా మాట వినండి. అక్కడ పొద్దున్నే చలికి నిండుగా చార్జ్ చేసిన ఫోన్ కూడా చూస్తుండగానే పడిపోతుంది, నా ఇట్రెక్స్‌లో లిథియం సెల్స్ వేస్తే చలిని లెక్కచేయవు. నేను అందరినీ కొనమనడం లేదు. ఏడాదికి ఒకసారి వికారాబాద్ పోయేవాడికి అనవసరం. ఈయన జూన్ వచ్చిందంటే మట్టి వాసనకి ఇంట్లో ఆగలేని మనిషిలా ఉన్నాడు కాబట్టి చెబుతున్నాను.

సర్వే_మాస్టారు:
మట్టిదారి గారూ, కొనేముందు ఒక పని చేయండి. పాత ఫోన్‌లో ఓఎస్‌ఎమ్‌ఆండ్ వేయండి, ఫ్రీగా ఏడు మ్యాపుల దాకా దించుకోవచ్చు, మీకు రెండు తెలుగు రాష్ట్రాలు, హిమాచల్, లడాఖ్ చాలు. యూఎస్‌బీ లైన్ బండి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టి లాగించండి, వాన నీళ్లు చొరబడని కవర్ కొనండి. ఈ వానాకాలం మారేడుమిల్లిలో దానితోనే తిరగండి. ఇంటికొచ్చాక మీరు వెళ్లిన ట్రాక్‌ని మ్యాప్ మీద వేసి చూసుకోండి, దారి ఎక్కడ తప్పుగా గీసి ఉందో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే సరిచేయొచ్చు. ఫోన్ నిజంగా విసిగిస్తే అప్పుడు పెద్ద స్క్రీన్ మోంటానా కొంటారా, చిన్న ఇట్రెక్స్ కొంటారా అన్నది మీకే తెలుస్తుంది.

పాత_ఇట్రెక్స్:
వానాకాలం మారేడుమిల్లిలో పాత ఫోన్! మాస్టారూ, మీరు నా పార్టీలోకి మనిషిని పంపిస్తున్నారు, థ్యాంక్స్.

మట్టిదారి_450:
సరే, డ్రాయర్‌లో పాత రెడ్‌మీ ఉంది, బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టుంది. పర్లేదా?

సర్వే_మాస్టారు:
వద్దు! ఉబ్బిన బ్యాటరీని ఎండలో హ్యాండిల్‌కి బిగించి చార్జింగ్ పెట్టడమంటే నిప్పుతో చెలగాటం. బ్యాటరీ మార్పించండి, కుదరకపోతే ఇంకో ఫోన్ చూడండి.

ఫోన్‌చాలు:
నా దగ్గర ఒక పాత శాంసంగ్ ఖాళీగా ఉంది, కూకట్‌పల్లి వస్తే తీసుకెళ్లు బ్రో. స్క్రీన్ మీద ఒక గీత ఉంది, రోడ్డనుకోకు.