డాక్యుమెంటరీల నుంచి కథల్లోకి వెళ్లడం ఎలా?

ప్రశ్న (అనంతపురం):
పదకొండేళ్లుగా పెళ్లి వీడియోలు తీసి బతుకుతూ, మిగిలిన డబ్బుతో డాక్యుమెంటరీలు చేస్తున్నాను. నిరుడు కల్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో బోరు వేస్తుంటే చిత్రీకరించాను. ఏడు వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. రైతు భార్య బండి చక్రం పక్కన కూలబడి ఏడ్చింది. నా సినిమాకు ఆ నిమిషమే ప్రాణం. వారానికి ఆమె ఫోను: "ఆ ఏడుపు తీసేయండి నాయనా, పాపకు సంబంధాలు చూస్తున్నాం. చూసినవాళ్లు అప్పుల సంసారం అనుకుంటారు." తీసేశాను. మిగిలింది బోరుబండి చప్పుడు.

దాన్నే కథగా రాసి, ఒక నటితో ఒక రోజు తీశాను. ఏడుపు అద్భుతంగా వచ్చింది. వేరుశనగ పీకడమే రాలేదు. చుట్టూ కూలి ఆడవాళ్లు ఒకటే నవ్వు. ముందు ఈ దారిన వెళ్లినవారు ఏం చేశారు?

జవాబు (కర్నూలు):
పోలండ్ దర్శకుడు కీష్లోఫ్‌స్కీ గురించి చదవండి. వార్సా రైల్వే స్టేషన్ మీద డాక్యుమెంటరీ (1980) తీస్తుంటే పోలీసులు ఫిల్ము పట్టుకుపోయారు. తల్లిని చంపి, శవాన్ని సూట్‌కేసుల్లో పెట్టి ఆ స్టేషన్ లాకర్లలోనే దాచిన ఒక యువతి కోసం వెతుకులాట. ఆ ఫిల్ములో ఆమె లేదు. ఉండి ఉంటే తెలియకుండానే పోలీసులకు సాక్ష్యం ఇచ్చినవాడినయ్యేవాడినని ఆయన బెదిరిపోయాడు. కథాచిత్రాలు అప్పటికే తీస్తున్నాడు, ఆ తర్వాత వాటివైపే మొగ్గాడు. నిజమైన కన్నీళ్లంటే భయమనీ, గ్లిజరిన్ నయమనీ అనేవాడు. మీకు ఫోను చేసినావిడ ఆయనకు చేసి ఉంటే ఇంకా ముందే మానేసేవాడేమో!

జవాబు (కడప):
కన్నీళ్లు సరే, వేరుశనగ సంగతి ఎవరూ చెప్పరేం? మన దర్శకురాలు పాయల్ కపాడియా 2021లో డాక్యుమెంటరీకి ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో బహుమతి అందుకుంది, 2024లో కథాచిత్రానికి అక్కడే గ్రాండ్ ప్రి, అంటే రెండో పెద్ద బహుమతి. ఆ కథ మొదలయ్యేది ముంబైకి వలస వచ్చినవాళ్ల గొంతులతో. పాత పనిముట్టు ఆమె పారేయలేదు. నవ్విన కూలీల్లో ఒకరిని పెట్టుకో అన్నా.

జవాబు (కర్నూలు):
పెట్టుకుంటే ఊళ్లో ఆ కథ ఆమెదే అనుకుంటారు. మళ్లీ అదే ఫోను.

అడిగినవాడినే:
నవ్విన కూలీల్లో ఒకావిడను అడిగి వచ్చాను. పిల్ల పెళ్లి కథైతే వద్దంది, అత్త పాత్రైతే సరేనంది. ఏడవనని ముందే చెప్పింది. శనివారం నుంచి నటికి పీకడం నేర్పుతుందట, దానికి కూలి వేరే.