కొరికినప్పుడు డెంటిన్ (ఎనామెల్ కింది పొర) గొట్టంలో ద్రవం: వన్‌వే కప్లింగ్ (గోడ ద్రవాన్ని నెడుతుంది, ద్రవం తిరిగి గోడను నెట్టదు అనుకునే లెక్క) చాలదా?

మెష్‌మావయ్య: చాలు. డెంటిన్‌లో 10 మెగాపాస్కళ్ల ఒత్తిడి, గట్టిదనం 18 గిగాపాస్కళ్లు అనుకోండి. అడ్డంగా నొక్కితే గొట్టం ఘనపరిమాణం తగ్గేది 0.1 శాతం. గొట్టం 2 మి.మీ. పొడవుంటే ద్రవం పల్ప్ (పన్ను లోపలి, నరాలుండే మెత్తని భాగం) వైపు జరిగేది 2 మైక్రాన్లు. 0.1 సెకనులో కొరికితే పల్ప్ మూతి దగ్గర వేగం సెకనుకు 20 మైక్రాన్లు. అందుకు పుట్టే పీడనం వంద, రెండొందల పాస్కళ్లు. అది గోడనేం నెడుతుంది?

ద్రవందొర: గొట్టం వ్యాసం పల్ప్ దగ్గర 2.5 మైక్రాన్లు, ఎనామెల్ దగ్గర 0.9. ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. గోడ కదిలితే లెక్కంతా మారదా?

మెష్‌మావయ్య: వ్యాసార్థం మారేది 0.05 శాతం. నాలుగుతో గుణించుకోండి. 0.2 శాతం.

కొత్తసభ్యుడు: టర్బులెన్స్ (సుడుల ప్రవాహం) మోడల్ ఏది వాడాలండీ?

మెష్‌మావయ్య: ఏదీ వద్దు బాబూ. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సుడులు తిరుగుతుందో లేదో చెప్పేది) 0.0001 కూడా ఉండదు.

ద్రవందొర: ఆ నాలుగో ఘాతం సంగతి మీరు దాటేస్తున్నారు. టూవేలో (ద్రవం కూడా గోడను నెట్టే లెక్కలో) నాకు సెకనుకు 120 మైక్రాన్ల పైనే వస్తోంది, మీకు 20. రెండు రోజులు నడిపిన లెక్కండీ, కాగితం మీద గీకింది కాదు!

మెష్‌మావయ్య: రెండు రోజులు నడిస్తే ఒప్పయిపోతుందా? బయటి కొసన ఏం పెట్టారు?

ద్రవందొర: సున్నా పీడనం. పల్ప్ వైపు 15 మి.మీ. పాదరసం.

మెష్‌మావయ్య: ఎనామెల్ మూత ఉన్న పన్నుకా! బరువు తీసేసి నడిపి చూడండి. 2000 పాస్కళ్ల తేడా, 1 మైక్రాన్ వ్యాసార్థం, నీటి చిక్కదనం: ఏమీ కొరక్కుండానే సెకనుకు 125 మైక్రాన్లు బయటికి కారుతుంది. మీరు కొలిచింది పల్ప్ పీడనాన్ని.

ద్రవందొర: మూత ఉందని ఎవరన్నారు? నాది పగులు పన్ను.

మెష్‌మావయ్య: ఆ మాట మొదట్లోనే అనొచ్చుగా!

పళ్లడాక్టరు: అలాంటి పన్ను కొరికినప్పటికంటే వదిలినప్పుడు ఎక్కువ జివ్వుమంటుంది. ద్రవం బయటికి లాగినప్పుడే నరం గట్టిగా స్పందిస్తుంది. మీ లీనియర్ లెక్కలో పోకా రాకా ఒకటే కదా?

మెష్‌మావయ్య: ఒకే వేగంతో వదిలితే ఒకటే. 0.02 సెకన్లలో వదిలితే ఐదు రెట్లు. కానీ పగులు తెరుచుకోవడం వేరు. అక్కడ గోడలు ఖాళీ వెడల్పంత జరుగుతాయి, టూవే కావాల్సిందే, కాంటాక్ట్ (పగులు గోడలు ఒకదాన్నొకటి తాకే లెక్క) కూడా పెట్టాలి. ఒప్పుకుంటున్నా. సున్నా పీడనం మాత్రం పగులు తెగ్గోసిన గొట్టాలకే, మిగతావి మూసేయండి దొరగారూ.

ద్రవందొర: అన్నిటికీ పెట్టేశాను. మళ్లీ రెండు రోజులు.