14 సర్వర్లను చేత్తో నడుపుతున్న చిన్న బృందం ఆటోమేషన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే అయిదుగురి బృందంలో నేను పనిచేస్తున్నాను. మాకు 14 ఉబుంటు సర్వర్లు ఉన్నాయి. వాటిలో 11 క్లౌడ్‌లో, 3 ఆఫీసులో నడుస్తున్నాయి. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక్కొక్క సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వెళ్లి, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే వ్యవస్థ) నుంచి కోడ్ తెచ్చి, సర్వీసును రీస్టార్ట్ చేస్తాము. ఏ సర్వర్‌లో ఏముందో పూర్తిగా తెలిసినవారు మా సీనియర్ గారు ఒక్కరే.

ఇది ఎంత ప్రమాదమో 2024 సెప్టెంబరులో తెలిసివచ్చింది. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఆయన ఇల్లు నీటి మధ్య చిక్కుకుంది. కరెంటు లేక, ఫోనులో చార్జింగ్ లేక, రెండు రోజులపాటు ఆయన క్షేమంగా ఉన్నారో లేదో కూడా మాకు తెలియలేదు. ఆ రెండు రోజుల్లోనే ఒక సర్వర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే వెబ్ భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. 90 రోజులే చెల్లే ఆ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించే స్క్రిప్టు ఎక్కడుందో, ఎందుకు ఆగిపోయిందో వెదకడానికి మాకు ఒక పూట పట్టింది. ఆ తరువాత పరిశీలిస్తే, ఒకేలా ఉండవలసిన నాలుగు అప్లికేషన్ సర్వర్లలో ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) కాన్ఫిగరేషన్, అంటే సెట్టింగులు, మూడు రకాలుగా ఉన్నట్లు తేలింది.

సంక్రాంతి దాటితే యార్డుకు కొత్త మిర్చి రావడం మొదలవుతుంది. ఆ రోజుల్లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఆగితే రైతు చేతికి అందవలసిన చీటీ ఆగుతుంది. ఆటోమేషన్ పరికరాలైన ఆన్సిబుల్, టెర్రాఫార్మ్, పప్పెట్‌లలో మాకు ఏది తగినది? నడుస్తున్న సర్వర్లకు ఇబ్బంది కలగకుండా ఎలా మొదలుపెట్టాలి? పాస్‌వర్డులను ఎక్కడ ఉంచాలి?

సమాధానం 1 (బెంజ్ సర్కిల్, విజయవాడ)

మీ సీనియర్ గారు క్షేమంగా బయటపడినందుకు సంతోషం. మొదట ఒక అపోహ తొలగాలి. టెర్రాఫార్మ్, ఆన్సిబుల్ ఒకే పనికి పోటీపడే పరికరాలు కావు. క్లౌడ్ సంస్థ ఏపీఐతో (ప్రోగ్రాములు ఆదేశాలు పంపే మార్గంతో) మాట్లాడి సర్వర్లను, నెట్‌వర్కును, ఫైర్‌వాల్ నియమాలను, డీఎన్‌ఎస్ రికార్డులను సృష్టించడం టెర్రాఫార్మ్ పని. అలా పుట్టిన సర్వర్ లోపల ఏ ప్యాకేజీలు ఉండాలి, ఏ ఫైలులో ఏమి రాసి ఉండాలి, ఏ సర్వీసు నడవాలి అనేది ఆన్సిబుల్ చూస్తుంది. మీ సర్వర్లు ఇప్పటికే ఉన్నాయి, మీ బాధంతా వాటి లోపలి తేడాలతోనే. అందుచేత ఆన్సిబుల్‌తో మొదలుపెట్టండి. దానికి ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు, సర్వర్లలో వేరే ఏజెంట్‌ను (ఎప్పుడూ నడిచే సహాయక ప్రోగ్రామును) పెట్టనవసరం లేదు. పప్పెట్‌లో ప్రతి సర్వర్‌పై ఒక ఏజెంట్ ఉండి, సాధారణంగా 30 నిమిషాలకు ఒకసారి ప్రధాన సర్వర్‌ను అడిగి తనను తాను సరిచేసుకుంటుంది. వందల సర్వర్లున్నచోట అది గొప్ప సౌకర్యమే గాని, 14 సర్వర్ల కోసం ఆ ప్రధాన సర్వర్‌ను కూడా మీరే పోషించవలసి వస్తుంది.

పరికరం కంటే ముఖ్యమైనది దాని వెనుకనున్న ఆలోచన. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్‌ను రూపొందించిన నాటి నుంచి ఈ పరికరాలన్నిటికీ అదే ఆధారం: చేయవలసిన పనుల వరుసను కాక, చివరికి ఉండవలసిన స్థితిని రాయాలి. షెల్ స్క్రిప్టులకు (ఆదేశాలను వరుసగా నడిపే ఫైళ్లకు) అలవాటుపడినవారు ఇక్కడే తడబడతారు. ఒక ఫైలు చివర ఒక వరుసను చేర్చే షెల్ ఆదేశాన్ని మూడుసార్లు నడిపితే ఆ వరుస మూడుసార్లు చేరుతుంది. అదే పనిని ఆన్సిబుల్‌లోని లైన్‌ఇన్‌ఫైల్ మాడ్యూల్‌తో (ఒక నిర్దిష్ట పని చేసే సిద్ధ భాగంతో) రాస్తే, వరుస ఇప్పటికే ఉన్నప్పుడు అది ఏమీ చేయదు. పాత స్క్రిప్టులన్నిటినీ షెల్ మాడ్యూల్‌లో అతికించి యామ్ల్ (ఆన్సిబుల్ చదివే రాత పద్ధతి) ఫైలుగా మార్చినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ ఉండదు.

మీ మొదటి ప్లేబుక్ (సర్వర్ ఎలా ఉండాలో ఆన్సిబుల్‌కు చెప్పే ఫైలు) ఏ సర్వర్‌నూ మార్చకూడదు. నాలుగు అప్లికేషన్ సర్వర్లలో ఒకదాన్ని తీసుకొని, దాని ప్రస్తుత స్థితిని ప్లేబుక్‌గా రాసి, మిగిలిన మూడింటిపై చెక్, డిఫ్ ఎంపికలతో నడపండి. ఏదీ మారదు, మార్చవలసి వచ్చే వరుసలు మాత్రం తెర మీద కనిపిస్తాయి. ఆ తేడాలన్నీ తప్పులని భావించి వెంటనే చెరిపేయవద్దు. మీ మూడు రకాల ఎన్‌జిన్‌ఎక్స్ ఫైళ్లలో ఒకటి, ఏదో రద్దీ రోజున అర్ధరాత్రి మీ సీనియర్ గారు కనుగొన్న సరైన పరిష్కారం కావచ్చు. ప్రతి తేడాకూ కారణం అడిగి, నిలుపదలచినదాన్ని ప్లేబుక్‌లోకి తెచ్చి, ఎందుకు నిలిపారో పక్కనే వ్యాఖ్యగా రాయండి. నా అనుభవంలో ఈ పని ప్లేబుక్ రాయడం కంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది, ఎక్కువ విలువైనది కూడా ఇదే. ఒక్క జాగ్రత్త: చెక్ విధానంలో షెల్, కమాండ్ మాడ్యూళ్ల పనులు సాధారణంగా నడవవు కనుక, ఆ నివేదికను సంపూర్ణమని అనుకోకండి.

సమాధానం 2 (అరండల్‌పేట, గుంటూరు)

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, సీజన్‌కు ముందు అంతా మార్చాలని పట్టుబట్టవద్దని కోరుతున్నాను. నిత్యం చేసే డిప్లాయ్‌మెంట్‌ను (కొత్త వెర్షన్‌ను సర్వర్లలో పెట్టే పనిని), మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన సర్టిఫికెట్ పునరుద్ధరణను మాత్రమే ఇప్పుడు ప్లేబుక్‌లోకి తీసుకోండి. డేటాబేస్ సర్వర్ జోలికి వేసవి వరకు వెళ్లవద్దు.

మేము ఆన్సిబుల్ మొదలుపెట్టిన నెలలోనే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగరేషన్‌లో ఒక తప్పు వరుసను ఒకేసారి ఆరు సర్వర్లకు పంపి, సర్వీసును రీస్టార్ట్ చేయించాము. ఆ తరువాత ఏ సర్వర్‌లోకీ వెళ్లలేకపోయాము. క్లౌడ్ కన్సోల్ ద్వారా ఒక్కొక్కదాన్ని సరిచేసేసరికి తెల్లవారింది. ఫైలును పెట్టే ముందు పరీక్షించే వ్యాలిడేట్ ఎంపిక టెంప్లేట్ మాడ్యూల్‌లోనే ఉందని అప్పటికి మాకు తెలియదు. అప్పటి నుంచి ఒకేసారి ఎన్ని సర్వర్లపై నడపాలో చెప్పే సీరియల్ విలువను 1గా పెడుతున్నాము: ప్లే (పనుల వరుస) మొత్తం ఒక సర్వర్‌లో పూర్తయ్యాకే రెండోదానికి వెళుతుంది, మొదటిదాంట్లోనే విఫలమైతే అక్కడే ఆగుతుంది.

ఇంకొక సూక్ష్మమైన చిక్కు ఉంది. సర్వీసును రీస్టార్ట్ చేసే హ్యాండ్లర్లు పనులన్నీ ముగిశాక నడుస్తాయి. కాన్ఫిగరేషన్ ఫైలు మారిన తరువాత మధ్యలో మరో పని విఫలమైతే ఆ హ్యాండ్లర్ నడవదు. మీరు తప్పు దిద్ది మళ్లీ నడిపినప్పుడు, ఫైలు ఇప్పటికే సరిగా ఉన్నందున మార్పేమీ లేదని ఆన్సిబుల్ భావిస్తుంది. రీస్టార్ట్ జరగదు, సర్వీసు పాత కాన్ఫిగరేషన్‌తోనే నడుస్తూ ఉంటుంది. తెర మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. మధ్యలో విఫలమైనా హ్యాండ్లర్లను నడిపే ఫోర్స్ హ్యాండ్లర్స్ ఎంపికను పెట్టుకుంటే ఇది చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. సీనియర్ గారు రాత్రివేళ అత్యవసరంగా సర్వర్‌లోనే నేరుగా దిద్దితే, మరునాడు ప్లేబుక్ దానిని చెరిపేస్తుంది కదా? పాస్‌వర్డుల సంగతి కూడా చెప్పగలరు.

సమాధానం 3 (పటమట, విజయవాడ)

రాత్రి దిద్దడాన్ని నిషేధించలేము, నిషేధించకూడదు కూడా. అయితే ఆ మార్పు ఉదయం గిట్‌లోకి చేరేవరకు పని పూర్తికానట్లేనని బృందమంతా ఒప్పుకోవాలి. వారానికి ఒకసారి చెక్, డిఫ్ ఎంపికలతో ప్లేబుక్‌ను నడిపి, వచ్చిన తేడాలను అందరికీ మెయిల్ చేసే ఏర్పాటు చేసుకోండి.

పాస్‌వర్డులను ఆన్సిబుల్‌లోనే ఉన్న వాల్ట్ అనే సాధనంతో గూఢీకరించి గిట్‌లోనే ఉంచవచ్చు. అది ఏఈఎస్-256 గూఢీకరణ పద్ధతిని వాడుతుంది. వాల్ట్ తెరిచే పాస్‌వర్డు మాత్రం కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి, ఒక ప్రతి కాగితం మీద రాసి సీలువేసిన కవరులో ఆఫీసు బయట భద్రంగా ఉండాలి. లేకపోతే బుడమేరు నాటి పరిస్థితే మరో రూపంలో తిరిగి వస్తుంది.

వేసవిలో టెర్రాఫార్మ్ వైపు వెళ్లినప్పుడు తాను సృష్టించినవాటి వివరాలను అది దాచుకునే స్టేట్ ఫైలు విషయంలో జాగ్రత్తపడండి. డేటాబేస్ పాస్‌వర్డుల వంటివి అందులో సాదా అక్షరాల్లోనే కనిపించవచ్చు. దానిని గిట్‌లో పెట్టకుండా, ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే లాక్ సౌకర్యమున్న రిమోట్ స్టోరేజీలో ఉంచండి. ప్లాన్‌లో (చేయబోయే మార్పుల జాబితాలో) ఏదైనా వనరును తొలగించి మళ్లీ సృష్టిస్తానని కనిపిస్తే అక్కడ ఆగండి. డేటాబేస్‌కు తొలగింపును అడ్డుకునే ప్రివెంట్ డిస్ట్రాయ్ నియమాన్ని తప్పక పెట్టండి. 2023 ఆగస్టులో టెర్రాఫార్మ్ లైసెన్సు మారినందువల్ల ఓపెన్‌టోఫు అనే శాఖ పుట్టింది, లైనక్స్ ఫౌండేషన్ దానికి ఆశ్రయమిచ్చింది. మీ సొంత సర్వర్లకు ఏది వాడినా అభ్యంతరం లేదు. పూర్తి ఓపెన్ సోర్స్ కావాలనుకుంటే ఓపెన్‌టోఫును ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం ఒక అప్లికేషన్ సర్వర్ స్థితిని ప్లేబుక్‌గా రాసి, రెండోదానిపై చెక్ విధానంలో నడిపాము. తొమ్మిది తేడాలు వచ్చాయి. సీనియర్ గారు పక్కన కూర్చొని ఏడింటికి కారణం చెప్పారు, వాటిని వ్యాఖ్యలతో సహా రాసుకున్నాము. మిగిలిన రెండు ఎప్పుడు, ఎందుకు పెట్టారో ఆయనకు కూడా గుర్తు లేదు. ఆ రెండింటినీ ముందుగా రద్దీ లేని సర్వర్‌లో తీసివేసి, వారం రోజులు లాగ్‌లను గమనించిన తరువాతే మిగతావాటి సంగతి చూస్తాము. డేటాబేస్ సర్వర్‌ను ఇన్వెంటరీలో (ఆన్సిబుల్ చూసుకునే సర్వర్ల జాబితాలో) ఇంకా చేర్చలేదు.