అప్‌డేట్: మా ఆయన డిప్రెషన్, మా ఇంట్లో మాటలు

మూడు నెలల కిందట అడిగినాను: మా ఆయనకు డిప్రెషన్ అన్నారు, మందులు మొదలుపెట్టినాము, ఇంట్లో మాటలే పడిపోయినాయి, ఎంత దెబ్బ తగిలిందో కొలిచే దారి ఉందా అని. జవాబు చెప్పిన అందరికీ దండాలు.

అనంతపురంలో డాక్టరమ్మ డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం రాయించింది. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27కు లెక్క, ఎక్కువొస్తే బాధ ఎక్కువున్నట్టు. అప్పుడు 19 ఉన్నది ఇప్పుడు 8కి దిగింది. కానీ చివర్లో లెక్కలో కలపని ప్రశ్న ఒకటుంది: ఈ బాధల వల్ల పని చేసుకోవడం, ఇల్లు చూసుకోవడం, మనుషులతో మెలగడం ఎంత కష్టమైందని. దానికి ఆయన రెండుసార్లూ 'చాలా కష్టం' అనే పెట్టినాడు. నాకు కడుపు తరుక్కుపోయింది.

అందుకే ఇంట్లో ఒకరికొకరు ఎంత ఆసరాగా ఉన్నామో చూసే ఫ్యామిలీ ఆప్గార్ అనే కాగితం కూడా ఇంట్లోవాళ్లం రాసినాము. 1978లో స్మిల్క్‌స్టీన్ అనే డాక్టరు తెచ్చిన ఐదు ప్రశ్నలు, పదికి లెక్క. ఎక్కువొస్తే ఇల్లు బాగున్నట్టు. అత్తమ్మకు 8, నాకు 4, ఎనిమిదో తరగతి చదివే మా పాపకు 3. ఒకే ఇల్లు! కష్టమొస్తే ఇంట్లో సాయం దొరుకుతుందా అన్నదానికి పాప సున్నా వేసింది. నాయన బాధపడతాడని స్కూల్లో ఫీజు అడిగిన సంగతి కూడా చెప్పలేదంట. ఇన్నాళ్లూ ఆయన్ను కనిపెట్టుకుంటూ బిడ్డను చూసుకోలేదు నేను.

ఇప్పుడు ఆదివారం పొద్దున ఉగ్గాణి, బజ్జీ చేసి అందరం ఒకచోట కూర్చుంటున్నాము. నాకు మరీ భారమైన రాత్రి మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినాను, తెలుగులోనే మాట్లాడినారు. మొన్న ఆయన బుడ్డలు ఒలుస్తుంటే పాప పోయి పక్కన కూర్చుంది. వచ్చే నెల ఆ ఐదు ప్రశ్నలూ మళ్లీ రాస్తాము.