మైకా, మైక్రో: రెండింటికీ మూలం ఒకటేనా?

గూడూరు వాసి: గ్రీకులో 'మిక్రోస్' అంటే చిన్నది, 'మైక్రో' దానినుంచే వచ్చింది. లాటిన్‌లో 'మికా' అంటే రొట్టె తునక, రేణువు. కాబట్టి మా గనుల్లోని మైకాకు, అంటే అభ్రకానికి కూడా మైక్రోయే మూలమని నా వాదన. ఒక పోటీలో ఈ ప్రశ్నకు జవాబు రాసిన మా అమ్మాయికి సున్నా వేశారు.

కందుకూరు మాస్టారు: అయ్యా, మైకా లాటిన్ మాట, మైక్రో గ్రీకు మాట. పైగా, ఆ ఖనిజానికి ఆ పేరు స్థిరపడడంలో మెరవడం అనే అర్థమున్న 'మికారె' ప్రభావం ఉందని నిఘంటువులు చెబుతున్నాయి. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

కావలి పాఠకుడు: అభ్రకాన్ని మనం కాకిబంగారం అనేదీ మెరుపును చూసే కదా.

గూడూరు వాసి: గ్రీకులో 'స్మిక్రోస్' అనే రూపం కూడా ఉంది. లాటిన్ 'మికా' సైతం సకారం జారిపోయిన అలాంటి పాత మాటే కావచ్చునని కొందరు పండితులు ప్రతిపాదించారు. దానిని మీరెందుకు దాటవేశారు?

కందుకూరు మాస్టారు: ప్రతిపాదన వేరు, నిర్ధారణ వేరు. అది నిజమే అనుకున్నా అవి అక్కచెల్లెళ్లవుతాయి గాని తల్లీకూతుళ్లు కావు.

ఒంగోలు ఎలక్ట్రీషియన్: మైక్రో అంటే పది లక్షలలో ఒక వంతు. ఫ్యాను కెపాసిటర్ మీద 2.5 మైక్రోఫారడ్లు అని ఉంటుంది, చూసుకోండి.

కందుకూరు మాస్టారు: అది కొలతలలో మాత్రమే. మైక్రోవేవ్ పొయ్యిలోని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అక్కడ మైక్రో అంటే రేడియో తరంగాలలో పొట్టిది అనే అర్థం.

గూడూరు వాసి: సున్నా వేసింది మీలాంటి పండితులే, మాస్టారూ. 'సంబంధం ఉండవచ్చు, కాని తేలలేదు' అని రాసిన పిల్లకు మార్కు ఇవ్వడానికి చేతులు రాలేదు.

కందుకూరు మాస్టారు: ఆ మాట ముందే చెప్పవలసింది. అమ్మాయి రాసింది సరైనదే. ఇక్కడ తండ్రి వాదిస్తున్నది వేరు. అయితే తేలని విషయాన్ని మార్కుల పోటీలో అడగనే కూడదు.

గూడూరు వాసి: అక్కడే మీతో పేచీ. తేలిన సంగతులే అడుగుతూ పోతే పిల్లలు జవాబులు బట్టీ పడతారు తప్ప నిఘంటువు తెరవరు.

కందుకూరు మాస్టారు: తెరవమని తరగతిలో చెప్పండి. దిద్దేవాడికి 'ఉండవచ్చు' అనే జవాబును ఏ కొలతతో కొలవమంటారు?

గూడూరు వాసి: ఆ పిల్ల చూపిన కారణాలతో కొలవమంటాను.